జీర్ణాశయం తనను తాను ఎందుకు అరిగించుకోదు?

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో మాత్ర కొంటే షాపతను చిల్లర తిరిగిస్తూ ఒక మాట తప్పకుండా చెబుతాడు: "ఏమైనా తిని వేసుకోండి." ఇంట్లో పెద్దవాళ్లదీ అదే హెచ్చరిక. పరగడుపున నొప్పి మాత్ర పడితే కడుపులో మంట ఖాయమని అందరికీ తెలుసు. కారణం కూడా అందరూ ఒకేలా ఊహిస్తారు. మాత్ర ఖాళీ పొట్ట గోడకు తగిలి అక్కడ కాలుస్తుందని, మధ్యలో అన్నం అడ్డముంటే కాలదని.

ఈ ఊహలో కొంత నిజం లేకపోలేదు. ఆస్పిరిన్ లాంటి మందులు తగిలినచోట పొరను కొద్దిగా దెబ్బతీస్తాయి. అయితే అదే జాతి మందును తుంటికి ఇంజెక్షన్‌గా ఇచ్చినా, మలద్వారం గుండా పెట్టినా జీర్ణాశయంలో పుండ్లు పడుతూనే ఉంటాయి. మందు గొంతు దిగనే లేదు, పొట్ట గోడను తాకనే లేదు. మరి ఆ గోడకు పుండు ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు కావాలంటే ప్రశ్నను తిప్పి అడగాలి. మందు వేసుకోని రోజున ఆ గోడ ఎలా క్షేమంగా ఉంటోంది?

బతికున్నంత కాలమే కాపలా

ఆదివారం పూట బోటి కూర తిన్నవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. మేక పొట్ట, పేగులు మన జీర్ణాశయంలో కొన్ని గంటల్లో కరిగిపోతాయి. వాటిని కరిగించిన సంచి మాత్రం అలాంటి కండతోనే తయారై కూడా చెక్కుచెదరదు. లోపల ఊరేది మామూలు ద్రవం కాదు. రోజుకు దాదాపు రెండు లీటర్ల జఠర రసం తయారవుతుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వల్ల దాని ఆమ్ల గాఢత రక్తంతో పోలిస్తే పది లక్షల రెట్లు ఎక్కువ. దానికి తోడు మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్ ఉంటుంది.

1772లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఒక వింత విషయాన్ని రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆరోగ్యంగా ఉండి, భోంచేసిన కొద్దిసేపటికే హఠాత్తుగా చనిపోయినవారి శవాలను కోస్తే కొందరి జీర్ణాశయానికి చిల్లు కనిపించింది. లోపలి ఆహారం బయటికి కారిపోయి ఉంది. అది జబ్బు వల్ల పడిన చిల్లు కాదు. చనిపోయాక జీర్ణాశయం తనను తానే అరిగించుకుంది. ప్రాణమున్న కండకు ఏదో శక్తి ఉందని, ప్రాణం పోగానే అదీ పోతోందని హంటర్ తేల్చాడు. ఆ శక్తి ఏమిటో చెప్పే సాధనాలు ఆయన కాలంలో లేవు. కానీ ఆయన పట్టుకున్న అసలు సంగతి ఇప్పటికీ నిలిచే ఉంది: గోడ గట్టిదనం దాని పదార్థంలో లేదు, దానికి ఆగకుండా జరిగే మరమ్మతులో ఉంది.

మట్టి ఇల్లు ఎరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. పేడతో అలకడం కొన్నాళ్లు మానేస్తే గోడ పెచ్చులూడుతుంది. ఆ ఇంటిని నిలబెట్టేది వారం వారం అలికే చేయి.

విషం పుట్టినచోటే విరుగుడు

జీర్ణాశయం లోపలి పొరను కప్పుతూ ఒక జిగురు ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో చిన్న వంతు. దాని పైభాగాన ఆమ్లం ఉరకలెత్తుతుంటే, అడుగున కణాల దగ్గర మాత్రం దాదాపు మంచినీళ్లంత తటస్థంగా ఉంటుంది. ఇంత పలచని తెరకు అటూ ఇటూ ఇంత తేడా ఎలా నిలుస్తుందంటే, ఆ జిగురులోకి కింది కణాలు నిరంతరం బైకార్బనేట్ అనే క్షారాన్ని వదులుతుంటాయి. కిందికి చొరబడే ఆమ్లం ఆ క్షారంతో కలిసి విరిగిపోతుంది.

ఆ క్షారం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే అబ్బురమనిపిస్తుంది. ఆమ్లాన్ని తయారుచేసే కణం ఒక వైపు నుంచి ఆమ్లం అణువును జీర్ణాశయంలోకి పంపినప్పుడల్లా రెండో వైపు నుంచి ఒక బైకార్బనేట్ అణువును రక్తంలోకి వదులుతుంది. అక్కడి సన్నటి రక్తనాళాలు దాన్ని మోసుకుంటూ నేరుగా పైపొర కణాల దగ్గరికి వెళతాయి. ఆమ్లం ఎంత ఎక్కువ తయారైతే విరుగుడు కూడా అంత ఎక్కువ పైకి చేరుతుంది. భోజనం తర్వాత రక్తం కాస్త క్షార గుణం వైపు మొగ్గడానికి కారణం ఇదే.

ఇదంతా నడవాలంటే రక్తప్రసరణ సక్రమంగా ఉండాలి. తీవ్రంగా కాలిన గాయాలతోనో, పెద్ద ప్రమాదంలోనో ఐసీయూలో చేరినవారికి కడుపులో పుండ్లు పడేది అందుకే. ప్రాణాపాయంలో శరీరం రక్తాన్ని గుండెకూ మెదడుకూ మళ్లిస్తుంది, జీర్ణాశయం గోడకు సరఫరా తగ్గిపోతుంది.

పైపొర కణాల ఆయుష్షు కూడా కొద్ది రోజులే. పాతవి రాలిపోతుంటాయి, కొత్తవి కింది నుంచి వస్తుంటాయి. చిన్న గీత పడితే కొత్త కణం పుట్టేదాకా కూడా ఆగవు. పక్క కణాలు సాగి, జరిగి, కొన్ని నిమిషాల నుంచి గంట లోపలే ఖాళీని కప్పేస్తాయి.

వీధి దాటని హార్మోన్లు

ఈ పనులన్నింటినీ ఎప్పుడు, ఎంత చేయాలో కణాలకు ఎవరు చెబుతారు? ఇక్కడే హార్మోన్లు వస్తాయి. ఇన్సులిన్ లాంటి హార్మోను రక్తంలో ఒళ్లంతా తిరుగుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు అలా తిరగవు. పుట్టినచోటే పక్క కణాలకు కబురు చెప్పి కొద్దిసేపట్లో మాయమవుతాయి. అందుకే వాటిని స్థానిక హార్మోన్లంటారు. జీర్ణాశయంలో వాటి ఆజ్ఞలు ఇవి: జిగురు పెంచు, క్షారం వదులు, రక్తనాళాలను విప్పి ఉంచు, ఆమ్లం తగ్గించు.

చిక్కేమిటంటే, వాపు, నొప్పి, జ్వరం పుట్టించేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ ఆస్పిరిన్ రహస్యం విప్పాడు. ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఎంజైమును ఆస్పిరిన్ ఆపేస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ చేసేదీ అదే. మోకాలిలో నొప్పి పుట్టించే కబురుతోపాటు కడుపులో జిగురు పెంచమనే కబురు కూడా ఆగిపోతుంది. ఈ పరిశోధనకు వేన్‌కు 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

తుంటికి వేసిన ఇంజెక్షన్ పొట్టలో పుండు ఎలా చేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. మందు రక్తం దారిన వచ్చి కాపలా ఆజ్ఞలను ఆపింది. ఆమ్లం మాత్రం ఎప్పట్లాగే ఊరుతూ ఉంది. ముందు ఏమైనా తినడం మంటను తగ్గించవచ్చు గానీ ఆగిపోయిన హార్మోనును తిరిగి తేలేదు. పైగా ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టడాన్ని కూడా అడ్డుకుంటుంది కాబట్టి, పుండు నుంచి కారే రక్తం త్వరగా ఆగదు.

ప్రోస్టాగ్లాండిన్ల బలం ఎంతటిదో అమెరికాలో అప్జాన్ కంపెనీ శాస్త్రవేత్త ఆండ్రే రాబర్ట్ 1979లో చూపించాడు. ఎలుకల జీర్ణాశయంలోకి స్వచ్ఛమైన ఆల్కహాల్, గాఢ ఆమ్లం, గాఢ క్షారం, చివరికి మరిగే నీళ్లు కూడా పంపాడు. మామూలు ఎలుకల్లో లోపలి పొర నెత్తురు కక్కుతూ చచ్చిపోయింది. ముందుగా అతి కొద్ది మోతాదు ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చిన ఎలుకల్లో ఆ నాశనం కనిపించలేదు. ఆ మోతాదు ఆమ్లాన్ని తగ్గించడానికి కూడా చాలనిది. అంటే కాపాడటం, ఆమ్లం తగ్గించడం రెండూ వేర్వేరు పనులన్నమాట. కడుపు బాధ అనగానే ఆమ్లం ఒక్కదాన్నే దోషిగా చూసే అలవాటు మనకు ఇంకా పోలేదు. ఈ ప్రయోగం మరింత మందికి తెలియాల్సినది.

■ మిరపకాయ మీద నింద

గుంటూరు కారం తింటే అల్సర్ వస్తుందని తెలుగునాట గట్టి నమ్మకం. 1988లో అమెరికాలో డేవిడ్ గ్రాహం బృందం ఆరోగ్యవంతులకు ఘాటైన భోజనం పెట్టి మర్నాడు ఎండోస్కోపీతో లోపల చూసింది. కారం భోజనం చేసినవారి పొర బాగానే ఉంది. చప్పటి భోజనంతో ఆస్పిరిన్ వేసుకున్నవారిలో దాదాపు అందరికీ గాట్లు పడ్డాయి. 1995లో సింగపూర్ వైద్యులు ఇంకో అడుగు వేశారు. ఆస్పిరిన్‌కు అరగంట ముందు మిరపపొడి తీసుకున్నప్పుడు గాట్లు తగ్గాయి. మిరపలోని క్యాప్సైసిన్ అక్కడి నరాలను తట్టి రక్తప్రసరణ పెంచుతుందని వివరణ. ఇప్పటికే పుండు ఉన్నవారికి, ఛాతీలో మంట ఉన్నవారికి కారం బాధ పెంచవచ్చు. అది వేరే విషయం. ఆరోగ్యకరమైన కడుపులో పుండును పుట్టించేది మాత్రం కారం కాదు.

ఒత్తిడి హార్మోను కథ

1936లో శాస్త్రవేత్త హాన్స్ సెల్యే ఎలుకలను రకరకాల బాధలకు గురిచేసి, వాటి కడుపులో పుండ్లు పడటం గమనించాడు. "టెన్షన్ పడితే అల్సర్" అనే మాట అప్పటి నుంచి నాటుకుపోయింది. ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథులు వదిలే కార్టిసాల్ జాతి హార్మోన్లే దోషులని చాలాకాలం అనుకున్నారు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లుద్మిలా ఫిలారెటోవా చేసిన ప్రయోగాలు దీన్ని తారుమారు చేశాయి. ఒత్తిడి సమయంలో ఆ హార్మోన్ల విడుదలను ఆపేస్తే ఎలుకల కడుపులో గాయాలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. సహజంగా ఊరే మోతాదులో ఆ హార్మోన్లు గోడకు కాపలాదారులే.

మందు రూపంలో, పెద్ద మోతాదులో తీసుకునే స్టెరాయిడ్ల సంగతి వేరు. ముఖ్యంగా స్టెరాయిడ్‌ను, నొప్పి మందును కలిపి వాడితే అల్సర్ ముప్పు విపరీతంగా పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు ఈ రెండింటినీ ఒకే విడతలో ఇచ్చే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఇది మానాల్సిన అలవాటు.

యాక్సిలరేటరూ బ్రేకూ

ఆమ్లం తయారీని నడిపే హార్మోను గాస్ట్రిన్. 1905లో శాస్త్రవేత్త జాన్ ఎడ్‌కిన్స్ దాని ఉనికిని ప్రతిపాదించాడు. చాలామంది నమ్మలేదు. 1964లో లివర్‌పూల్‌లో రాడ్రిక్ గ్రెగరీ, హిల్డా ట్రేసీ దాన్ని శుద్ధరూపంలో వేరుచేసి చూపారు. జీర్ణాశయం కింది భాగంలోని కణాలు ఆహారం రాగానే గాస్ట్రిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది, హిస్టమిన్ ఆమ్లాన్ని ఊరిస్తుంది. ఆమ్లం చాలినంత అయ్యాక పక్కనే ఉన్న మరో రకం కణాలు సొమాటోస్టాటిన్ అనే హార్మోనుతో గాస్ట్రిన్‌ను అణిచేస్తాయి.

బ్రేకు పనిచేయకపోతే ఏమవుతుంది? 1955లో అమెరికన్ శస్త్రవైద్యులు జోలింజర్, ఎలిసన్ వర్ణించిన అరుదైన జబ్బులో ఒక కణితి ఆపకుండా గాస్ట్రిన్ తయారుచేస్తుంది. అల్సర్లు ఒకదాని వెంట ఒకటి పుడుతూనే ఉంటాయి. కణితి లేకుండానే ఇదే తరహా గందరగోళాన్ని, కాస్త చిన్న మోతాదులో, కోట్ల మందిలో సృష్టించే జీవి ఒకటుంది.

హార్మోన్ల లెక్క తప్పించే బ్యాక్టీరియా

ఇంత ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని వైద్యులు గట్టిగా నమ్మేవారు. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పాథాలజిస్టు రాబిన్ వారెన్ జీర్ణాశయపు ముక్కల్లో వంకర బ్యాక్టీరియాను చూశాడు. యువ వైద్యుడు బారీ మార్షల్ ఆయనతో కలిశాడు. దాన్ని ల్యాబులో పెంచే ప్రయత్నాలు ఎంతకీ ఫలించలేదు. 1982 ఈస్టర్ సెలవుల్లో పళ్లేలను మామూలు కంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లోనే వదిలేశారు. తిరిగొచ్చేసరికి బ్యాక్టీరియా పెరిగి ఉంది. అంతకుముందు రెండు రోజులకే పళ్లేలను పారేసేవారు, ఇది నెమ్మదిగా పెరిగే రకం. అప్పటికీ లోకం నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగాడు. కొద్ది రోజుల్లో వాంతులు, దుర్వాసనతో కూడిన శ్వాస. ఎండోస్కోపీలో పొర వాచి కనిపించింది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది.

హెలికోబ్యాక్టర్ పైలోరి అని పిలిచే ఈ బ్యాక్టీరియా ఆమ్లాన్ని ఓడించే తీరు గమ్మత్తైనది. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరిచి, తన చుట్టూ అమ్మోనియా మేఘం కప్పుకుంటుంది. క్షారం తగలగానే గట్టి జెల్లీలాంటి జిగురు పలచబడుతుంది. ఆ పలచబడిన దారిలో తోకలు ఆడిస్తూ అడుగుకు ఈదుతుంది.

తర్వాత జరిగేదే ఈ కథకు కీలకం. అది జీర్ణాశయం కింది భాగంలో స్థిరపడితే అక్కడ సొమాటోస్టాటిన్ తగ్గిపోతుంది, గాస్ట్రిన్ పెరుగుతుంది. అదనపు ఆమ్లం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి పారి అక్కడ పుండు చేస్తుంది. అదే బ్యాక్టీరియా పైభాగమంతా పాకితే ఆమ్లం తయారుచేసే కణాలే క్రమంగా నశిస్తాయి. అప్పుడు ఆమ్లం తగ్గుతుంది, కానీ పొర పలచబడి, మారిపోయి, ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. మందులతో బ్యాక్టీరియాను నిర్మూలిస్తే గాస్ట్రిన్, సొమాటోస్టాటిన్‌లు చాలామందిలో మళ్లీ తూకానికి వస్తాయి.

ఇది సోకినవారిలో ఎక్కువమందికి జీవితాంతం అల్సర్ రాదు. మనిషితో దీని సహవాసం వేల ఏళ్లది. భారతదేశంలోని రకాల మూలాలు యూరప్ రకాలతో కలుస్తాయని హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు 2007లో తేల్చారు. అయితే దీనికి నొప్పి మందు తోడైతే కథ మారుతుంది. ఒకటి జిగురును లోపలి నుంచి తొలుస్తుంది, మరొకటి దాన్ని తిరిగి కట్టే కబురును ఆపుతుంది. హాంకాంగ్‌లో 1997లో 92 మందిపై ఒక పరీక్ష జరిగింది. అందరికీ ఈ బ్యాక్టీరియా ఉంది, అందరూ కొత్తగా నాప్రోక్సెన్ మొదలుపెట్టబోతున్నవారే. ముందుగా బ్యాక్టీరియాను నిర్మూలించనివారిలో ఎనిమిది వారాల్లో 26 శాతం మందికి అల్సర్ వచ్చింది. నిర్మూలించినవారిలో 7 శాతమే.

నాలుక వెనకాల స్నేహితులు

బ్యాక్టీరియా అంటే కీడే అనుకుంటే పొరపాటు. తోటకూర, పాలకూర, ముల్లంగి, బీట్‌రూట్‌లలో నైట్రేట్ ఎక్కువ. తిన్న నైట్రేట్ రక్తంలోకి వెళ్లి, అందులో నాలుగో వంతు దాకా లాలాజలం ద్వారా మళ్లీ నోటికి వస్తుంది. నాలుక వెనకభాగపు మడతల్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. మనం గుటక వేసినప్పుడు అది ఆమ్లంలో పడి నైట్రిక్ ఆక్సైడ్ వాయువు అవుతుంది. ఆ వాయువు రక్తనాళాలను విప్పుతుంది, జిగురు మందాన్ని పెంచుతుంది. అంటే ప్రోస్టాగ్లాండిన్లు చేసే పనే ఇదీ చేస్తుంది.

స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో దీన్ని ఎలుకల్లో పరీక్షించారు. నైట్రేట్ తాగిన ఎలుకల పొర నొప్పి మందును తట్టుకుంది. వాటి నోటిని క్రిమినాశక మౌత్‌వాష్‌తో కడిగితే ఆ రక్షణ మాయమైంది. మనుషులకు దీన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా కడుపు కాపలాలో నాలుక మీది బ్యాక్టీరియాకు పాత్ర ఉందని చూపిన ప్రయోగమిది.

గ్యాస్ మాత్ర ఎంతవరకు కాస్తుంది?

నొప్పి మాత్రతో పాటు ఒక "గ్యాస్ మాత్ర" రాయడం మామూలైంది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి ఆమ్లం పంపులను ఆపుతాయి. వృద్ధులకు, ఇంతకుముందు అల్సర్ వచ్చినవారికి ఇవి నిజంగా ప్రాణరక్షకాలు. కానీ వీటి కాపలా జీర్ణాశయం, ఆంత్రమూలం వరకే. నొప్పి మందు కిందికి వెళ్లి చిన్నపేగునూ గాయపరుస్తుంది. అక్కడ నేరస్థలంలో ఆమ్లం ఉండదు, బ్యాక్టీరియా ఉంటాయి. కాలేయం కట్టుదిట్టంగా చుట్టి పిత్తరసంలో పంపిన మందును అవి విప్పి మళ్లీ మళ్లీ పేగు గోడ మీదికి వదులుతాయి. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో ఆ గాయాలు పెద్దగా కలగవని చూపింది కూడా పైన చెప్పిన ఆండ్రే రాబర్టే, 1977లో.

2011లో కెనడాలో జాన్ వాలెస్ బృందం కలవరపెట్టే విషయం కనిపెట్టింది. నొప్పి మందుతో పాటు ఆమ్లం ఆపే మందు ఇచ్చిన ఎలుకల్లో చిన్నపేగు గాయాలు మరింత ఎక్కువయ్యాయి. ఆమ్లం తగ్గడంతో పేగులోని బ్యాక్టీరియా కూర్పు మారి, మేలు చేసే బిఫిడోబ్యాక్టీరియా తగ్గింది. వాటిని తిరిగి అందించినప్పుడు గాయాలు తగ్గాయి. కాబట్టి గ్యాస్ మాత్ర ఉందన్న ధైర్యంతో నొప్పి మాత్రను నెలల తరబడి మింగడం సరికాదు. అవసరమైనవారు డాక్టర్ సలహాతో వాడాలి, అవసరం తీరాక ఆపడం గురించీ అడగాలి.

■ ఊపిరితో పరీక్ష

పైలోరి ఉందో లేదో తెలుసుకోవడానికి ఎండోస్కోపీయే అక్కర్లేదు. గుర్తుపట్టగల కార్బన్ ఉన్న యూరియాను తాగిస్తారు. బ్యాక్టీరియా ఉంటే దాని యూరియేజ్ ఆ యూరియాను విరుస్తుంది, గుర్తున్న కార్బన్ డయాక్సైడ్ ఊపిరిలో బయటికి వస్తుంది. మల పరీక్ష కూడా ఉంది. గ్యాస్ మాత్రలను రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్‌ను నాలుగు వారాల ముందు ఆపకపోతే, ఉన్న బ్యాక్టీరియా లేదని ఫలితం రావచ్చు. ఏ మాత్ర ఆపాలన్నా డాక్టర్‌ను అడిగే ఆపాలి. చికిత్సలో మూడు నాలుగు మందులను కలిపి సాధారణంగా 14 రోజులు వాడాలి. మధ్యలో మానేస్తే మందుకు లొంగని రకాలు మిగులుతాయి. మన దేశంలో ఆ సమస్య ఇప్పటికే పెద్దది.

ఎవరు జాగ్రత్త పడాలి?

అరవై దాటినవారు, గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు, రక్తం పలచబడే మందులో స్టెరాయిడ్లో వాడేవారు, ఒకసారి అల్సర్ వచ్చినవారు సొంతంగా నొప్పి మాత్ర కొనుక్కోకూడదు. గుండె ఆస్పిరిన్‌ను భయపడి ఆపేయకూడదు కూడా. దాన్ని ఆపితే వచ్చే ముప్పు వేరే. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు వాడుతున్న మాత్రల షీట్లన్నీ చేతిలో పట్టుకెళ్లండి. షాపులో అడిగి తెచ్చుకున్నవి, కీళ్లకని ఎవరో ఇచ్చిన పొడులు కూడా చూపించండి. నెలల తరబడి నొప్పి మందు తప్పదని చెబితే, పైలోరి పరీక్ష చేయించాలా అని అడగండి.

నొప్పి మందు వాడేవారిలో అల్సర్ చాలాసార్లు ముందుగా నొప్పి చూపదు, నేరుగా రక్తస్రావంతోనే బయటపడుతుంది. మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో కాఫీపొడి రంగు కనిపించినా, కళ్లు తిరిగి పడిపోయినా మరో గ్యాస్ మాత్ర వేసుకుని చూద్దామనుకోవద్దు. ఆ గంటలోనే ఆస్పత్రికి బయల్దేరండి.